మామయ్యగారి పుస్తకానికి ముందుమాట రాయాలా, వద్దా?

పేరు ప్రచురించవద్దని, ప్రాంతం చెప్పినా ఇబ్బంది లేదని అంటూ ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన లేఖకు ఇది సారాంశం. ఆమెకు ముప్పై రెండేళ్లు. ద్రావిడ భాషల్లో పదాల చరిత్రపై పరిశోధన చేసి పీహెచ్‌డీ పట్టా పొందారు. ప్రస్తుతం ఒక కళాశాలలో తాత్కాలిక అధ్యాపకురాలిగా పనిచేస్తూ, విశ్వవిద్యాలయ ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటున్నారు. ఆమె మామగారు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. చీరాల, వేటపాలెం, చినగంజాం చుట్టుపక్కల పల్లెల్లో ఉద్యోగం చేసినంత కాలం ఆయన చేనేతవారి మాటలను, ఉప్పు కొఠార్లలో పనిచేసేవారి మాటలను, సముద్రంలో వేటకు వెళ్లేవారి మాటలను నోటుపుస్తకాల్లోకి ఎక్కించుకున్నారు. ఏ మాట ఎవరి నోట విన్నారో, ఏ ఊళ్లో, ఏ తేదీన విన్నారో కూడా పక్కనే రాసుకున్నారు. వాటి ఆధారంగా ఇప్పుడు నాలుగు వందల పేజీల పుస్తకం సిద్ధం చేశారు. అందులో ప్రతి మాటకూ మూలం చెప్పారు.

ఆ మూలాల్లో అధికభాగం నిలబడేవి కావని కోడలి అభిప్రాయం. తెలుగు మాటలన్నీ సంస్కృతం నుంచే పుట్టాయని, ద్రావిడ భాషాకుటుంబం అనేది తెల్లదొరల కల్పన అని ఆయన పీఠికలో రాశారట. ‘చెవి’ అన్న మాట ‘శ్రవస్సు’ నుంచి వచ్చిందని ఒకచోట, ‘ఆస్ట్రేలియా’ అంటే ‘అస్త్రాలయం’ అని మరొకచోట ఉందట. ఇంటిపేర్లకు, కులాల పేర్లకు మూలాలు చెప్పే అధ్యాయం ఒకటి ఉందని, అందులో ఒక కులం పేరుకు ఇచ్చిన వ్యుత్పత్తి ఆ కులంవారిని కించపరిచేలా ఉందని కూడా ఆమె రాశారు. వచ్చే మాఘమాసంలో ఆయనకు సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నారు. ఆ రోజే పుస్తకావిష్కరణ. ముందుమాట కోడలే, పేరుకు ముందు ‘డాక్టర్’ అని పెట్టుకుని రాయాలని ఆయన కోరిక.

పెళ్లయిన కొత్తలో ఇంకా చదువెందుకని ఇంట్లో అందరూ అన్నప్పుడు, ఫీజు కట్టి విశ్వవిద్యాలయానికి పంపింది ఆ మామగారే. ఒకసారి బంధువులంతా భోజనాలకు కూర్చున్నప్పుడు ‘చెవి’ గురించి ఆయన చెబుతున్నది తప్పని ఆమె అంటే, ఆ తరువాత చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. భర్త మాత్రం, “రెండు పేజీలు రాసిస్తే నీ సొమ్మేం పోతుంది? ఎనభై దాటిన మనిషికి ఇప్పుడు నిజం తెలిసి ఏం ఒరుగుతుంది?” అంటున్నారు. రాస్తే చదివిన చదువుకు ద్రోహం, రాయకపోతే చదివించిన మనిషికి ద్రోహం, ఈ రెంటి మధ్య ఏం చేయాలో తోచడం లేదని ఆమె ముగించారు.

మీ లేఖలో నాకు అన్నింటికంటే ముందు కనిపించిన విషయం ఒకటి ఉంది. రెండో పేజీలో మామగారి రాతప్రతిని ‘ఆ పిచ్చి రాతలు’ అన్నారు. నాలుగో పేజీలో ‘ఆ నోటుపుస్తకాలు దొరికితే ఏ పరిశోధకుడైనా కళ్లకద్దుకుంటాడు’ అన్నారు. రెండూ ఒకే మనిషి చేతిరాత గురించిన మాటలే. అంటే మీ ముందున్నది ఒక పుస్తకం కాదని, ఒకే అట్టల మధ్య చేరిన రెండు పనులని మీకు లోలోపల తెలుసు. మాటలను సేకరించడం ఒక పని, వాటికి మూలాలు చెప్పడం మరొక పని. మొదటిదానికి మీరు మనస్ఫూర్తిగా ముందుమాట రాయగలరు, రెండోదానికి రాయలేరు. ఈ రెంటినీ విడదీయకుండా రాయాలా వద్దా అని ఆలోచించినంత కాలం మీకు జవాబు దొరకదు.

ముందుగా సేకరణ సంగతి. ఆయన చేసిన పని విలువ మీకు తెలియనిది కాదు గానీ, ఇంట్లోవారికి చెప్పడానికి పనికివస్తుందని రాస్తున్నాను. భాషాశాస్త్రజ్ఞులు భద్రిరాజు కృష్ణమూర్తిగారి పర్యవేక్షణలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశాన్ని చేపట్టినప్పుడు, పండితుల ఇళ్లకు కాకుండా రైతుల దగ్గరికి, నేతగాళ్ల దగ్గరికి మనుషులను పంపి మాటలు రాయించింది. వ్యవసాయ పదాల సంపుటం 1962లోను, చేనేత పదాల సంపుటం 1971లోను వెలువడ్డాయి. థామస్ బరో, మరే ఎమెనో కలిసి కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తొలిసారి 1961లో అచ్చయింది. 1984 నాటి రెండో కూర్పులో తెలుగు వృత్తిపదాలు కూడా చోటుచేసుకున్నాయి. కావ్యాల్లో ఎన్నడూ కనిపించని ఒక మగ్గం గుంట మాట, కొడగులోనో గోండిలోనో ఉన్న మరొక మాటకు తోబుట్టువని తేలడానికి దారి అలా పడుతుంది. అంత పెద్ద పని సంస్థలు, నిధులు, పరిశోధక బృందాలు ఉంటే జరిగింది. మీ మామగారు పడుగు, పేక, నాడె, కండె, ఆసు వంటి అందరికీ తెలిసిన మాటలతో ఆగకుండా, ఊరూరికీ మారే మాటలను కూడా, చెప్పినవారి పేరుతో, తేదీతో సహా ఒంటిచేత్తో రాసిపెట్టుకున్నారు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడు వివరాలూ లేకపోతే మాట ఎంత అరుదైనదైనా పదచరిత్రకారుడు దాన్ని అనుమానంగానే చూస్తాడు. ఎవరూ నేర్పకుండానే ఆయన ఆ పద్ధతి పాటించారు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1884లో భాగాలుగా వెలువడడం మొదలై 1928 నాటికి పూర్తయిందంటే, జేమ్స్ మరే వంటి సంపాదకుల శ్రమ ఎంతో, ఎక్కడెక్కడి నుంచో వాక్యాలు ఎత్తిరాసి చీటీలు పంపిన సామాన్య పాఠకుల శ్రమా అంతే. ఆ చీటీలు పంపినవారిని వ్యుత్పత్తి చెప్పమని ఎవరూ అడగలేదు.

చిక్కు ఇక్కడే ఉందని నా ఊహ. ఆ మాటలు ఊరివాళ్లవి, వాటికి చెప్పిన మూలాలు మాత్రం తన సొంతమని మీ మామగారు అనుకుంటూ ఉండవచ్చు. నోటుపుస్తకాలు ఆయనకు ముడిసరుకు, వ్యుత్పత్తులు ఆయన పాండిత్యం. మీరు నోటుపుస్తకాలను పొగిడి వ్యుత్పత్తులను తోసేస్తే, ఆయన చెవికి అది తన కష్టాన్ని మెచ్చుకుని తన బుద్ధిని కాదన్నట్టుగా వినిపిస్తుంది. భోజనాల దగ్గర జరిగింది కూడా అదే. మీరు చెప్పింది నిజమే అయినా, చెప్పిన చోటు మాత్రం సరైనది కాదు.

ఇక వ్యుత్పత్తుల విషయానికి వస్తే, అవన్నీ ఒక్క తీరువి కావు. మీరు అన్నింటినీ ఒకే గాటన కట్టారని అనిపిస్తున్నది. ఆయన రాతప్రతిలో ఇంగ్లీషు ‘బాండికూట్’ మన ‘పందికొక్కు’ నుంచి వెళ్లిందని ఉందని మీరే రాశారు. అది అక్షరాలా నిజం. ‘ఆస్ట్రేలియా–అస్త్రాలయం’ మాత్రం నిజం కానిది, సులభంగా తేల్చగలిగినది. దక్షిణదిక్కును సూచించే లాటిన్ మాట నుంచి ఆ పేరు పుట్టిందని, 1814లో వెలువడిన మాథ్యూ ఫ్లిండర్స్ యాత్రాగ్రంథం వల్ల వ్యాప్తిలోకి వచ్చిందని కాగితాలు ఉన్నాయి. ఇలాంటివి ఆయన ఊహించినవి కాకపోవచ్చు. ఫోనుల్లో తిరిగే సందేశాల్లో వచ్చినవి చేర్చి ఉంటారు. వాటిని వదులుకోవడానికి ఆయనకు అంత కష్టం ఉండదు.

‘చెవి’ సంగతి వేరు. శ్రవస్సు అన్నా చెవి అనే అర్థం ఉంది, ధ్వని కూడా దగ్గరగానే ఉంది. నలభై ఏళ్లు సంస్కృతాంధ్రాలు బోధించిన మనిషికి ఆ పోలిక తట్టకపోతేనే ఆశ్చర్యం. అది తప్పని చెప్పాలంటే “మా శాస్త్రం ఒప్పుకోదు” అంటే చాలదు, ఆ శాస్త్రం ఏం చూస్తుందో చూపించాలి. కన్నడంలో కివి, తుళులో కెబి, కొడగులోనూ గోండిలోనూ కెవి అన్నప్పుడు మొదట కకారం ఉంది. తెలుగులోని చేయి తమిళంలో కై, తెలుగులోని చెడు తమిళ కన్నడాల్లో కెడు. ఒక్క మాటలో కాకుండా ఇన్ని మాటల్లో ఒకే తీరున కకారం ఉన్నచోట తెలుగులో చకారం కనిపిస్తున్నదంటే, ఇ, ఎ వంటి అచ్చుల ముందు తెలుగులో పాత కకారం మారిందని తెలుస్తుంది. అప్పుడు ‘చెవి’కి పూర్వరూపం కకారంతో ఉండాలి. శకారంతో మొదలయ్యే శ్రవస్సుకు ఆ పూర్వరూపంతో పొత్తు కుదరదు. రోలును తమిళంలో ఉరల్, రెండును ఇరండు అంటారన్నది కూడా ఆయన ముందు పెట్టండి. మాట మొదట్లోని అచ్చు పక్కకు జరిగి రేఫ, అంటే రకారం, ముందుకు వచ్చే తెలుగు అలవాటు ఒక్కసారి కంటపడితే, తెలుగు పండితులకు అది వ్యాకరణ సూత్రమంత ఆనందం ఇస్తుంది. ఒంటరి మాటకు పోలిక వెతకడం, మాటల వరుసలకు సూత్రం వెతకడం వేరువేరు పనులని ఆయనకు తెలియవలసింది ఇంతే. దానికి ఆయన ఓడిపోవలసిన అవసరం లేదు.

మరొక రకం కూడా ఉంది. మన సంప్రదాయంలో మాటను విడదీసి అర్థం చెప్పే నిర్వచనం అన్న ప్రక్రియకు చరిత్ర చెప్పే ఉద్దేశం ఎప్పుడూ లేదు. హృదయం అన్న మాటను ‘హృది అయం’ అని విడదీసి, ఇతడు హృదయంలోనే ఉన్నాడని ఛాందోగ్యోపనిషత్తు చెప్పినప్పుడు, ఆ మాట ఎప్పుడు పుట్టింది, ఎలా మారింది అన్నది అక్కడ ప్రశ్నే కాదు. మాట ద్వారా అర్థాన్ని ధ్యానించడం అక్కడి పని. వేదంలోని మాటలకు అర్థం చెప్పే యాస్కుని నిరుక్తం ఆ దారికి పెద్ద గ్రంథం. అయినా అందులోనే నామాలన్నీ ధాతువుల నుంచి పుట్టాయన్న శాకటాయనుని మతం, అన్నీ కాదన్న గార్గ్యుని అభ్యంతరం రెండూ ఎదురెదురుగా ఉన్నాయి. మీ మామగారి వ్యుత్పత్తుల్లో కొన్ని ఈ నిర్వచన సంప్రదాయానికి చెందినవైతే, వాటికి ఆ పేరే పెట్టమని అడగవచ్చు. ‘పదచరిత్ర’ అన్న శీర్షిక కింద తప్పయ్యేది ‘నిర్వచనాలు’ అన్న శీర్షిక కింద తప్పు కాకపోవచ్చు. అయితే దీన్ని ఒక ఉపాయంగా మాత్రం వాడవద్దు. ఆస్ట్రేలియా వంటివి ఆ గొడుగు కిందికి రావు.

ద్రావిడ భాషాకుటుంబం తెల్లదొరల కల్పన అన్న పీఠిక గురించి కొంచెం ఎక్కువ రాయక తప్పదు, ఎందుకంటే ఆయనకు బాధ కలిగించేది ‘చెవి’ కంటే ఇదే. మద్రాసులో కంపెనీ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో, ఏ.డి. కాంబెల్ తెలుగు వ్యాకరణానికి చేర్చిన వ్యాసంలో, తెలుగు, తమిళం, కన్నడం ఒక కుటుంబానికి చెందినవని, వాటి మూలం సంస్కృతం కాదని వాదించాడు. ద్రావిడ భాషలపై రాబర్ట్ కాల్డ్వెల్ రాసిన తులనాత్మక వ్యాకరణం అప్పటికి నలభై ఏళ్ల తరువాత, 1856లో వచ్చింది. కానీ ఎల్లిస్ ఆ వాదాన్ని గాలిలోంచి తీయలేదు. బందరు వాడైన మామిడి వెంకయ్య ‘ఆంధ్రదీపిక’ నిఘంటువును, మద్రాసు కళాశాలలో పనిచేసిన పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టికను ఆధారం చేసుకున్నాడు. సంస్కృతం నుంచి ఉన్నదున్నట్టుగా వచ్చిన తత్సమం, మారి వచ్చిన తద్భవం, ఈ రెండూ కాని దేశ్యం అన్న విభాగం ఎల్లిస్ కంటే ఎంతో ముందు నుంచి మన వ్యాకర్తలది. మీ మామగారు కూడా ఉద్యోగ జీవితమంతా తరగతి గదిలో చెప్పిన పాఠమే అది. అన్ని మాటలూ సంస్కృతం నుంచే వచ్చాయంటే, పిల్లలకు ఆయన దేశ్యాలని చెప్పిన మాటలు ఎక్కడివి? ఈ ప్రశ్న మీరు వాదనగా కాకుండా నిజంగా తెలుసుకోవడానికి అడగండి. ఆయన దగ్గర మీరు ఊహించని జవాబు ఉండవచ్చు.

ఆయన ఒంటరి కాదన్నది కూడా మీరు గుర్తించాలి. చిలుకూరి నారాయణరావుగారు 1937లో ‘ఆంధ్ర భాషా చరిత్రము’ ప్రచురించి, కాల్డ్వెల్‌ను ఎదిరిస్తూ, తెలుగు ప్రాకృతాల నుంచి వచ్చిందని విస్తారంగా వాదించారు. తరువాతి భాషాశాస్త్రజ్ఞులు ఆ సిద్ధాంతాన్ని అంగీకరించలేదు. అంతమాత్రాన ఆ గ్రంథాన్ని ఎవరూ పిచ్చి రాతలనలేదు. సిద్ధాంతంతో విభేదిస్తూనే గ్రంథకర్తను గౌరవించడం మీ శాస్త్రంలో ఉన్న మర్యాదే కనుక, దాన్ని మీ ఇంట్లో పాటించడానికి కొత్తగా నేర్చుకోవలసినది ఏమీ లేదు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

అడిగినది అడిగినట్టు రాసివ్వడం ఒక దారి. వేడుక సాఫీగా జరుగుతుంది, మీ వారు ఊపిరి పీల్చుకుంటారు. ఇలా రాసేవారు లోకంలో చాలామంది ఉన్నారు, వారందరినీ దోషులనడం నా ఉద్దేశం కాదు. కానీ మీ విషయంలో ధర ఎక్కువ. మీ స్నేహితురాలైన డాక్టరమ్మ ఎవరైనా ఈ ముందుమాట రాస్తే అది అభినందన అవుతుంది, మీరు రాస్తే ధ్రువీకరణ అవుతుంది. మీ పేరు చూసి ఒక విద్యార్థి ఆ వ్యుత్పత్తులను తన ప్రాజెక్టులో ఎక్కించుకుంటే, వాటిని తప్పని చెప్పవలసిన అధ్యాపకురాలూ మీరే అవుతారు. రేపు మీ వ్యాసంలో ‘చెవి’కి మరొక మూలం రాస్తే, ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు రెంటినీ పక్కపక్కన పెట్టి అడుగుతారు. పైగా మామగారు మీ ముందుమాట కోరింది మీ చదువు మీద గౌరవంతో. ఆ చదువును పక్కన పెట్టి రాసిన రెండు పేజీలు ఇవ్వడమంటే ఆయన అడగని వస్తువును ఆయన చేతిలో పెట్టడమే.

తీరిక లేదనో, పర్యవేక్షకులు వద్దన్నారనో తప్పించుకోవడం రెండో దారి. దీని గురించి ఎక్కువ చెప్పను. జీవితమంతా పిల్లల సాకులు విన్న పంతులుగారికి ఇది ఎంతసేపు దాగుతుంది?

హద్దులు గీసుకుని రాయడం మూడోది. సేకరణ ఎలా జరిగింది, ఏ ఏ వృత్తుల మాటలు ఉన్నాయి, వాటిలో ఇతర నిఘంటువుల్లో కనిపించనివి ఏవి అన్నది వివరంగా రాసి, చివర ఒక చిన్న పేరాలో, “మాటల మూలాల విషయంలో మామయ్యగారిది ఒక మార్గం, నేను చదువుకున్నది మరొకటి. ఈ పుస్తకంలోని వ్యుత్పత్తుల్లో చాలావాటితో నేను ఏకీభవించలేను. ఆ సంగతి ఆయనకు తెలుసు, తెలిసే నన్ను రాయమన్నారు” అని చెప్పవచ్చు. ఆ ఆఖరి వాక్యం నిజమైతేనే రాయాలి, అంటే అచ్చుకు ముందే ఆయనకు చదివి వినిపించాలి. దీనివల్ల మీ నిజాయితీకి లోటు ఉండదు. ఆయన నొచ్చుకోవచ్చు, ఆ పేరా తీసేయమని అనవచ్చు, లేదా ప్రెస్సువారి చేతిలో అది ఎగిరిపోవచ్చు. ఆ పేరా లేకుండా ముందుమాట వేయకూడదన్న షరతు మొదటే పెట్టుకోండి.

పుస్తకాన్ని రెండుగా చేయడం నాలుగో దారి. సహస్ర చంద్ర దర్శనం నాటికి వృత్తిపదాల కోశం ఒక్కటే వస్తుంది. మాట, అర్థం, ఊరు, చెప్పినవారు, ఒక వాడుక వాక్యం, అంతే. వ్యుత్పత్తులు తరువాత, ఆయన తీరికగా తిరిగి చూసుకున్న మీదట, వేరే పుస్తకంగా వస్తాయి. భాషకు అన్నింటికంటే మేలు చేసేది ఇదే, మీకు అన్నింటికంటే శ్రమ పెట్టేదీ ఇదే. నోటుపుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించడం, అకారాది క్రమంలో కూర్చడం మీ నెత్తినే పడుతుంది. ఉద్యోగ ప్రయత్నాల మధ్య అది సాధ్యమా అని మీరే లెక్క వేసుకోవాలి. రెండు పేజీలే కదా అంటున్న మీ వారు ఇందులో ఎంత భాగం పంచుకుంటారో కూడా అడగండి. అసలు ప్రమాదం మరొకటి ఉంది. పని మీ చేతిలోకి వచ్చేకొద్దీ పుస్తకం మీది కావడం మొదలవుతుంది. అట్ట మీద ఆయన పేరు తప్ప మరొకటి ఉండకూడదని, మార్పులన్నీ ఆయన చూసి ఒప్పుకున్నాకే జరగాలని మొదటి రోజునే అనుకోకపోతే, ‘నా పుస్తకాన్ని కోడలు కోసేసింది’ అన్న మాట వినవలసి వస్తుంది. ఆ మాటలో న్యాయం కూడా ఉంటుంది.

ముందుమాట కొడుకు చేత రాయించి, మీరు ఆవిష్కరణ సభలో మాట్లాడడం కూడా ఒక దారే. తండ్రి సైకిలు మీద పల్లెలు తిరిగి మాటలు పోగుచేసిన రోజులను కొడుకు రాస్తే దానికి ఎవరి ధ్రువీకరణా అవసరం లేదు. సభలో మీరు సేకరణ గురించి ఎంతైనా మాట్లాడవచ్చు. కానీ ఆయన అడిగింది ఇది కాదు కనుక, ఎందుకు మార్చారని తప్పక అడుగుతారు. అప్పుడైనా నిజం చెప్పవలసినదే.

సమయం చిక్కితే నాలుగోది, చిక్కకపోతే మూడోది అన్న వైపే నా మనసు మొగ్గుతున్నది. ఆయన ఆరోగ్యం ఎలా ఉందో, మాట పట్టింపు ఎంతటిదో నాకంటే మీకు తెలుసు కనుక, నిర్ణయం మీదే.

కులాల పేర్ల అధ్యాయం గురించి మాత్రం నేను ఇన్ని దారులు చెప్పలేను. మీరు ముందుమాట రాసినా రాయకపోయినా, ఆ పేజీ గురించి ఆయనతో మాట్లాడవలసిందే. కులాల పేర్లకు గొప్పతనం ఆపాదించేందుకు కొన్ని, కించపరిచేందుకు కొన్ని కల్పించిన వ్యుత్పత్తులు మన దేశంలో కొల్లలుగా ఉన్నాయి. వాటికి ఆధారం అడిగితే చూపగలిగినవారు అరుదు. మిగతా తప్పుల వల్ల నష్టపోయేది పుస్తకం పరువు, దీనివల్ల నొచ్చుకునేది మనుషులు. చట్టపరంగానూ చిక్కులు రావచ్చు. మీ లేఖను బట్టి ఆ కులంవారిలో చాలామంది ఆయనకు మాటలు చెప్పినవారే. నోటుపుస్తకాలు తెరిచి, వారి పేర్లు చదివి, వీరిలో ఎవరి చేతికి ఈ పేజీ ఇవ్వగలమని ఆయనను ఏకాంతంలో అడగండి. ముప్పై ఏళ్ల కిందట తనకు మాట చెప్పిన మనిషి పేరు, తేదీ రాసుకున్నవారు ఆ ప్రశ్నను తేలికగా తీసుకోరు.

మీ వారు అన్న మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఎనభై దాటిన మనిషికి నిజం తెలిసి ఏం ఒరుగుతుందన్న ప్రశ్న ప్రేమతో అడిగినదే, కాదనను. కానీ అందులో ఆయన ఇక నేర్చుకోలేరన్న తీర్పు ఉంది. నాలుగు వందల పేజీలు రాసి, చదువుకున్న కోడలికి చూపించి ముందుమాట అడుగుతున్న మనిషి వాదానికి సిద్ధంగానే ఉన్నారేమో, మీరిద్దరూ కలిసి ఆయన తరఫున వద్దనుకుంటున్నారేమో ఆలోచించండి.

మాట్లాడేటప్పుడు భోజనాల వేళ వద్దు, బంధువుల ఎదుట వద్దు, భర్త ద్వారా కబురు అసలే వద్దు. నోటుపుస్తకాలు మధ్యలో పెట్టుకుని, ముందుగా మాటల గురించే అడగండి. ఆసు పోసేటప్పుడు వాడే మాటలు వేటపాలెంలో ఒక రకంగా, పక్క ఊళ్లో మరొక రకంగా ఎందుకు ఉన్నాయో ఆయన చెప్పనివ్వండి. తరువాత మూడు నాలుగు వ్యుత్పత్తులు మాత్రమే తీసుకుని, కన్నడ, తమిళ, గోండి రూపాలు కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. నాలుగు వందల పేజీల తప్పుల పట్టిక మాత్రం తయారుచేయవద్దు. మీ శాస్త్రానికి కూడా తెలియని మూలాలు ఎన్నో ఉన్నాయని, పెద్ద పెద్ద నిఘంటువుల్లోనూ కొన్ని మాటల పక్కన ప్రశ్నార్థకమే మిగిలిందని ఆయనకు చెప్పండి. ప్రతి మాటకూ మూలం చెప్పి తీరాలన్న పట్టుదల సడలితే, రాతప్రతిలో సగం సమస్య తీరుతుంది.

ఈ చర్చ ఎటు తిరిగినా ఆగకూడని పని ఒకటుంది. సముద్రపు గాలికి, చెదలకు ఆ నోటుపుస్తకాలు ఎంతకాలం ఆగుతాయో చెప్పలేము. ఆయన అనుమతి తీసుకుని ప్రతి పేజీకి ఫొటో తీసి, కనీసం రెండు చోట్ల భద్రపరచండి. 1918 నుంచి ఉన్న వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం మీకు దగ్గర, కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉంది. ఆయన ఒప్పుకుంటే నకళ్లు అలాంటి చోట ఇవ్వడం గురించి విచారించవచ్చు.

అంతా చెప్పాక కూడా ఆయన ఒక్క అక్షరం మార్చనంటే, ముందుమాట రాయలేనని మీరే, మీ నోటితోనే, కారణంతో సహా చెప్పండి. చదివించిన రుణాన్ని ఆ సంభాషణలో తలవవద్దు. అది తలుచుకోవడమో మానుకోవడమో ఆయన ఇష్టం. కొన్ని రోజులు మాట్లాడకపోవచ్చు, ఇంతకు ముందూ అలా జరిగింది, తరువాత మాట్లాడారు. ఆవిష్కరణకు వెళ్లి, సభ పనులు ఇంటి కోడలిగా మీరే చూసుకోండి. పుస్తకం అచ్చయి వచ్చాక, విభేదాలు విభేదాలుగానే ఉంచి, అందులోని వృత్తిపదాల మీద పరిశోధక పత్రికకు ఒక వ్యాసం రాయవచ్చు. సేకర్తగా ఆయన పేరు మొదటి వాక్యంలోనే ఉండాలి.